మిర్చి రాశి మీద చుక్క

దేవేందర్ మెదడులో గడ్డను ముక్కులోంచి సన్నని దుర్బీన్ గొట్టం పెట్టి తీశారు. ముక్కు వెంట నీళ్లు కారినా, గొంతులోకి ఉప్పగా జారినా అవి మెదడు చుట్టూ ఉండే నీళ్లని, వెంటనే రమ్మని డాక్టర్ చెప్పి పంపాడు.

"ముక్కు కారుతాంది, దవాఖానకు పోదాం దా," అంది భార్య పద్మలత.

"మిర్చి ఘాటుకు ముక్కు కారక మల్లెపూలు రాలుతయా? గా డాక్టర్ ఎన్నడన్న మిర్చి కల్లం తొక్కిండా?" అని ఈసడించి రాత్రి కావలికి వెళ్లాడు.

కల్లంలో ఎవరూ లేరు. రాశి మీది పట్టా సర్దడానికి వంగితే ముక్కులోంచి టప్‌మని దాని మీద చుక్క పడింది. నవ్వుకుంటూ పట్టా ఎత్తి, రాశిలో ముఖం పెట్టి గట్టిగా పీల్చాడు.

ఘాటు లేదు. అసలు వాసనే లేదు.

లేచి నిలబడ్డాడు. గొంతులోకి ఉప్పటి నీళ్లు జారాయి. అప్పుడే ఫోన్ మోగింది.

"ఏమయ్యా, ఘాటు తగ్గిందా?" పద్మలత వెటకారం.

పట్టా తిరిగి కప్పి తల వంచాడు. టప్.

"గా చప్పుడేంది?" అంది పద్మలత.