ముల్లు చెప్పిన మాట

టంగ్!

మందుల ట్రే పట్టుకున్న లిన్సీ ఉలిక్కిపడింది. ఇడుక్కి కొండల్లోని ఆ ఆసుపత్రికి నర్సుగా వచ్చి రెండో రోజే. ఆయాసం రోగుల వార్డు మొత్తం ఆమె చేతిలో పెట్టారు.

పంచె ఎగగట్టిన ముసలాయన ఒకడు స్పానర్‌తో ఒక్కో ఆక్సిజన్ సిలిండర్‌నూ కొట్టి, చెవి ఆనించి వింటున్నాడు.

"ఏం పెద్దాయనా, గుడి గంటలనుకున్నావా?"

ఆయన తొమ్మిదో మంచం దగ్గర ఆగిపోయాడు. అక్కడ దేవయాని దిండ్లకు ఆనుకుని కూర్చుని, ముక్కులో గొట్టంతో కష్టంగా ఊపిరి తీస్తోంది.

"ఇది మార్చాలమ్మా. ఖాళీ అయిపోవచ్చింది. నిండుది ఇలా మోగదు."

లిన్సీ మీటరు చూసింది.

"కళ్ళు కనబడవా? ముల్లు సగానికి పైనే ఉందిగా!"

"అది ఇరుక్కుపోయిందమ్మా. దాన్ని నమ్మొద్దు."

"నాలుగేళ్లు చదివొచ్చాను. సిలిండర్లు మోసేవాడివి, నువ్వు నాకు పాఠం చెబుతావా?"

వార్డంతా నవ్వింది. దేవయాని నవ్వలేదు. నవ్వడానికి ఆమెకు ఊపిరి చాలదు.

ముసలాయన చేతులు జోడించాడు. "పోనీ, గొట్టానికున్న ఆ నీళ్ల సీసాలో బుడగల మీదన్నా ఓ కన్నేసి ఉంచు తల్లీ. అవి ఆగాయంటే..."

"అపశకునం మాటలాడకు. పౌలోస్ అన్నా, ఈయన్ని బయటికి పంపండి!"

వాచ్‌మన్ పౌలోస్ నసిగాడు. "సిస్టర్, ఆయన రోజూ..."

"రోజూ వస్తే నెత్తిన పెట్టుకోవాలా? పంపండి!"

చదువు కొత్తగా ఉన్నప్పుడు చెవులు కాస్త మూసుకునే ఉంటాయి. తలుపూ మూసుకుంది.

బయట వాన హోరెత్తింది. లిన్సీ ఆ చివరి మంచాల వాళ్లకు ఇంజెక్షన్లు ఇచ్చి, మధ్యాహ్నం గంజి పంచుతూ తొమ్మిదో మంచానికి వచ్చింది.

"దేవయాని అక్కా, గంజి తాగండి."

పలుకు లేదు. పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. సీసాలో నీళ్లు కదలడం లేదు.

ముల్లు మాత్రం సగానికి పైనే ఉంది.

"సిలిండర్! పౌలోస్ అన్నా, సిలిండర్!"

పౌలోస్ దొర్లించుకొచ్చాడు. లిన్సీ గొట్టం దానికి బిగించింది. డాక్టరు పరుగున వచ్చి గుండె మీద అదిమాడు. సీసాలో బుడగలు గలగలా లేచాయి. దేవయాని రొమ్ము లేవలేదు.

లిన్సీ నేలమీద కూలబడింది.

"ఆ సిలిండర్లాయన్ని పిలవండన్నా. కాళ్లు పట్టుకుంటాను."

"ఆయన ఇక్కడ పనివాడు కాదు సిస్టర్." అన్నాడు పౌలోస్. "ఏడేళ్ల కిందట ఆయన భార్య ఈ మంచం మీదే, ముల్లు ఇలాగే సగానికి పైన ఉండగా పోయింది. ఆ మర్నాటి నుంచీ ఆయన రాని రోజు లేదు, ఇంకెవరూ అలా పోలేదు... ఇవాళ్టిదాకా."