నలభై ఒకటో టోకెన్

కుర్చీలో ఫైలు లేదు.

పక్క కుర్చీలో ముసలాయనా లేడు.

లిఫ్టు మెకానిక్ వంగి కుర్చీ కింద వెతికాడు. చేతిలో జిరాక్సు కాగితం ఇంకా వెచ్చగానే ఉంది. గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది. నాలుగింటికి వీసా ఆఫీసు కిటికీలన్నీ మూసేస్తారు.

ఫైల్లో రెండు పాస్‌పోర్టులున్నాయి. ఒకటి తనది, ఒకటి భార్యది. రెండింట్లోనూ వీసాకి ఇవాళే ఆఖరి రోజు.

ఇంట్లో ఆవిడకి ఎనిమిదో నెల. ఏ విమానం వాళ్ళూ ఎక్కించుకోరు. గడువు పెరక్కపోతే ఈ దేశం వాళ్ళూ ఉండనివ్వరు.

"ఇక్కడ కూర్చున్నాయన ఎటు వెళ్ళాడు?" వెనక వరసలో ఉన్న వంటమనిషిని అడిగాడు.

"పెన్ను తాతా? ఏదో ఫైలు చంకలో పెట్టుకుని లేచాడు. ఎటు వెళ్ళాడో చూళ్ళేదు."

ఆ ముసలాయన చొక్కా గుండీకి దారంతో పెన్ను కట్టుకుని ఉంటాడు. ఎవరడిగినా ఇస్తాడు. కాకపోతే దారం పొట్టిది, ఆయన పక్కనే వంగి రాసుకోవాలి. ఆ వంకన వాళ్ళ ఫారం మొత్తం చదివేస్తాడు.

పొద్దున మెకానిక్ ఫారమూ అలాగే చదివాడు.

"ముప్పై రోజుల పొడిగింపా? ఎవరు వెయ్యమన్నారు నాయనా?"

"మా ఏజెంటు."

"కాన్పు ఎప్పుడన్నారు?"

"నెలన్నరకి. మీకెందుకండీ?"

"నెల ఇస్తే నెలన్నరకి ఎలా సరిపోతుంది? ఇది ఒక్కసారే ఇస్తారు, మళ్ళీ పెంచరు. డాక్టరు ఉత్తరం ఉంటే ఆరు నెలలది ఉంది. మూడో కిటికీ."

"దానికి టోకెన్లు నిన్ననే అయిపోయాయి. ఒకటో కిటికీది దొరకడమే గగనమైంది."

"దొరికింది కదా అని..."

"తాతగారూ, నా తిప్పలేవో నన్ను పడనివ్వండి."

ముసలాయన పెన్ను దారం సర్దుకున్నాడు.

మూడింటికి అద్దె కాగితం జిరాక్సు కావాల్సొచ్చింది. లేస్తే కుర్చీ పోతుంది. అందుకే అక్కడ అందరూ చేసే పనే తనూ చేశాడు. కుర్చీలో ఫైలు పెట్టి వెళ్ళాడు.

ఇప్పుడు గేటు దగ్గరికి పరిగెత్తాడు.

"నా పాస్‌పోర్టులు పోయాయి. ఆ పెన్ను ముసలాయనే పట్టుకుపోయాడు," అన్నాడు గార్డుతో.

"అదుగో, వస్తున్నాడుగా."

ముసలాయన రోడ్డు దాటి ఆఫీసు వైపే వస్తున్నాడు. చేతులు ఖాళీ.

"నీకోసమే జిరాక్సు కొట్టు దాకా వెళ్ళొచ్చా," అన్నాడు ఆయాసపడుతూ. "పద, మూడో కిటికీలో సంతకం పెట్టాలి."

"నాది ఒకటో కిటికీ. ఫైలేదీ?"

"భద్రంగా ఉంది. ముందు నడు."

"చూశారా, మాటెలా దాటేస్తున్నాడో."

గార్డు చెయ్యి చాపాడు. "పెద్దాయనా, నీ పాస్‌పోర్టు ఇటివ్వు."

పేజీలు తిప్పాడు.

"వీసా నిన్నటితో అయిపోయిందే. టోకెన్ ఏదీ?"

గడువు దాటినవాళ్ళకి అక్కడ టోకెనే రక్ష. అది చేతిలో ఉంటే ఎవరూ ముట్టుకోరు. లేకపోతే గేటు బయట వ్యాను సిద్ధంగా ఉంటుంది.

ముసలాయన జేబులు తడుముకోలేదు. మెకానిక్ వైపు ఒక్కసారి చూశాడు.

"లేదు," అన్నాడు.

"ఫిర్యాదు రాసిస్తారా?" గార్డు మెకానిక్‌ని అడిగాడు.

రాసిచ్చాడు. రెండు వాక్యాలు, ఒక సంతకం.

వ్యాను ఎక్కుతూ ముసలాయన వెనక్కి తిరిగాడు.

"మూడో కిటికీ. మర్చిపోకు, నాలుగింటికి మూసేస్తారు."

వేరే దారి లేక మెకానిక్ అక్కడికే వెళ్ళాడు.

"నలభై ఒకటేనా?" కిటికీ వెనక గుమాస్తా విసుక్కుంది. "ఎక్కడ తిరుగుతున్నారండీ? ఇందాకట్నుంచీ కూర్చున్నా మీకోసం."

ఆవిడ బల్ల మీద తన ఫైలుంది. పైన కొత్త ఫారం. ఆరు నెలలది. గుండ్రటి అక్షరాలతో అన్నీ నింపి ఉన్నాయి. ఫైల్లోని డాక్టరు ఉత్తరం దానికి పిన్ను చేసి ఉంది. సంతకం చోటు మాత్రం ఖాళీ.

పక్కనే పెన్ను. దానికి తెగిన దారం ముక్క వేలాడుతోంది.

మెకానిక్ సంతకం పెట్టాడు. ఆవిడ రెండు పాస్‌పోర్టుల మీదా ముద్ర కొట్టింది.

"మీ మామగారేరీ?"

"మామగారా?"

"టోకెన్ ఆయనదే కదా. సొంతవాళ్ళకి తప్ప ఇవ్వడానికి లేదని చెప్పా. మా అల్లుడేనమ్మా, కూతురికి నెలలు నిండుతున్నాయి అన్నారు. మరి మీ సంగతేంటని నేనడిగితే, రేపొచ్చి రెండ్రోజుల జరిమానా కట్టుకుంటాలే అని నవ్వారు."

మెకానిక్ కిటికీలోంచి బయటికి చూశాడు. గేటు దగ్గర వ్యాను లేదు.

"ఆయన్ని తీసుకెళ్ళిపోయారు," అన్నాడు.

పాస్‌పోర్టులు ఇవ్వబోతున్న ఆవిడ చెయ్యి ఆగింది.

"ఎవరైనా ఫిర్యాదు చేస్తే తప్ప గార్డు ఎవర్నీ కదిలించడే. వ్యాను ఎక్కించాక ఇక దించడమంటూ ఉండదండీ, తిన్నగా దేశం దాటించేస్తారు." టోకెన్ వైపు చూసి అడిగింది. "ఆయన మీ మామగారే కదా?"

పాస్‌పోర్టులు ఇంకా అవతలి వైపే ఉన్నాయి.

"మా మామగారే."

ఆవిడ పాస్‌పోర్టులు ఇవతలికి తోసింది.

"పన్నెండేళ్ళుగా చూస్తున్నా. ఒక్కరి పనైనా చెడగొట్టిన మనిషి కాదు. అలాంటాయన మీద ఫిర్యాదు ఎవరు చేశారండీ?"

మెకానిక్ పెన్ను మీది దారాన్ని వేలికి చుట్టుకున్నాడు.

"ఆయన అల్లుడు," అన్నాడు.