నాలుగో గిన్నె

“దూడని తల్లి దగ్గర్నుంచి తీసుకొచ్చి ఇవతల కట్టెయ్. ఆవుకి జబ్బు లేదని తేలేదాకా దానికి డబ్బా పాలే,” అంది అత్తగారు, భుజం మీద మనవణ్ణి జోకొడుతూ.

“వద్దత్తయ్యా!”

అరిచినట్టే అంది కోడలు. అంత గట్టిగా వచ్చిన తన గొంతుకి తనే బెదిరిపోయింది.

కొట్టం బయట స్టూలు మీద కూర్చున్న పశువుల డాక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఈ వీధి పాలు పలచగా ఉంటున్నాయని పాలకేంద్రం వాళ్ళు అనడంతో ఆయన ఇల్లిల్లూ తిరిగి ఆవుల్ని పరీక్ష చేస్తున్నాడు. చేతిలో నాలుగు గిన్నెలున్న ప్లాస్టిక్ పళ్ళెం ఉంది. ఒక్కో చన్ను పాలకి ఒక్కో గిన్నె. ఈ ఇంటి ఆవు పేరు దొరసాని. పరాయివాళ్ళు దగ్గరికొస్తే తన్నుతుంది. అందుకే ఆయన పళ్ళెం కోడలి చేతికిచ్చి బయటే కూర్చున్నాడు. ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళి, కాస్త ఆలస్యంగానే పాలు తెచ్చింది.

ఆయన గిన్నె గిన్నెకీ ఇంత ఊదారంగు మందు పోసి పళ్ళేన్ని గుండ్రంగా తిప్పాడు. మూడు గిన్నెల్లో పాలు నీళ్ళలా కదిలాయి. నాలుగో గిన్నెలో జిగురులా సాగి, ముద్దకట్టాయి.

“పొదుగు వాపే. లోపల ఒక పక్కన మొదలైంది,” అన్నాడు. “పాలు కూడా ఎంత పలచగా ఉన్నాయో చూడండి. వాపుంటే పాలలో ఉండాల్సిన మాంసకృత్తులు తగ్గిపోయి, రక్తంలోంచి వేరేవి దిగుతాయి. చూడ్డానికి పాలే గాని, తోడు పెడితే సరిగ్గా తోడుకోవు.”

“అయితే తాగినా ఒళ్ళు చేయదాండీ?” అంది కోడలు.

“బలం కొంత తగ్గుతుంది మరి.”

ఆమె మొహం పాలిపోయింది.

“అందుకే మాన్పించమంటున్నా,” అంది అత్తగారు.

“తల్లి కోసం బెంగపెట్టుకోదూ? రాత్రంతా ఏడుస్తుందత్తయ్యా.”

“ఏడిస్తే ఏడుస్తుంది. మీ మామగారి గురక వింటూ ముసలిదాన్నయ్యాను, దూడ అరుపు నాకో లెక్కా!”

డాక్టరు పకపకా నవ్వాడు. కోడలు నవ్వలేదు. కొంగు గుండెల మీదికి లాక్కుని ఆయన దగ్గరికి ఒక అడుగు వేసింది.

“మాన్పించకుండా తగ్గే దారే లేదాండీ?”

“ఎందుకు లేదమ్మా, మొదట్లోనే పట్టుకున్నాం కదా! పాలు లోపల నిలవుండనివ్వకూడదు. తరచుగా తీసెయ్యాలి. తాగనిస్తే మరీ మంచిది. తల్లికి హాయి, పిల్లకి కడుపు నిండుతుంది.”

“మరి జ్వరం ఉంటే?”

“ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకూడదు. చీము పట్టిందంటే కోయాల్సొస్తుంది.”

కోడలు పక్కనున్న గుంజ పట్టుకుంది.

“ఆవుకి లేని కంగారు నీకెందుకే? డాక్టరుగారు వచ్చారు, చూసుకుంటారు,” అని అత్తగారు కసిరింది. “ఇదిగో, వీణ్ణి పట్టుకో. నేను దాని కాళ్ళు కడతాను, ఆయన చూస్తారు.”

కోడలు పిల్లాణ్ణి కుడి భుజానికి ఎత్తుకుంది. వాడి కాలు తగిలి పళ్ళు బిగబట్టింది గాని, ఎవరూ గమనించలేదు.

అత్తగారు దొరసాని గంగడోలు నిమురుతూ, బుజ్జగిస్తూ, వెనక కాళ్ళకి తాడు చుట్టింది. డాక్టరు భయం భయంగా పక్కన గొంతుక్కూర్చుని పొదుగు నాలుగు వైపులా నొక్కి చూశాడు. ఎక్కడా గట్టిగా లేదు. ఎక్కడా వేడి లేదు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. పళ్ళెం కడిగి, ఈసారి తనే పాలు పిండి, మందు పోసి తిప్పాడు. నాలుగు గిన్నెల్లోనూ పాలు నీళ్ళలా కదిలాయి. నమ్మకం చాలక మళ్ళీ పిండాడు. మళ్ళీ అంతే. దొరసాని తల తిప్పి, ఇంకెంతసేపన్నట్టు చూసింది.

“దీనికి ఏ జబ్బూ లేదమ్మా. దూడని నిక్షేపంగా పాలకి వదలండి,” అన్నాడు లేస్తూ.

“బతికించారు!” అంది అత్తగారు. కోడలి వైపు తిరిగి, “విన్నావుగా, ఇక సంబరపడు.”

కోడలు సంబరపడలేదు. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని గుంజకి ఆనుకుని నిలబడింది.

“ఉండండుండండి,” అన్నాడు డాక్టరు. “మరి ఇందాకటి నాలుగో గిన్నె సంగతేమిటి? నిజం చెప్పమ్మా, ఎవరింటి ఆవుని పిండుకొచ్చావు?”

ఆమె తల దించుకుంది. పిల్లాడు ఆకలితో గునుస్తూ మెడలో మొహం దూర్చాడు.

“ఆయన అడుగుతున్నారుగా, నోట్లో ముత్యాలు రాలిపోతాయా?” అంటూ అత్తగారు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

పట్టుకున్న చెయ్యి వదల్లేదు. నుదురు తాకింది. మెడ తాకింది. ఒళ్ళు కాలిపోతోంది. తన కొంగు విప్పి కోడలి భుజాల చుట్టూ కప్పింది.

“ఊరుకోవే పిచ్చిదానా, వాణ్ణెవరూ మాన్పించరు,” అంది మెల్లగా. తర్వాత డాక్టరు వైపు తిరిగింది.

“సంచి సర్దుకోండి డాక్టరుగారూ, మేం ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ నాలుగో గిన్నె నా కోడలిది.”