మొదటి ఫోను

తలుపు చప్పుడైంది.

ఐలా కుర్చీలోనే బిగుసుకుపోయింది.

కెనడాలోని థండర్ బే ఊరి చివర, మార్చి మంచులో ఆ వీధికి పోస్టువాడే సరిగా రాడు. చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టాలు ఆమెకు లేరు.

"ఐలా గారి ఇల్లు ఇదేనాండీ?" బయట బొంగురు మగగొంతు. "ఫోను గురించి మాట్లాడాలి."



కంపెనీ ఎప్పుడో వదిలేసిన ఒక పాత ఫోనుకు ఐలా సొంతంగా కెర్నెల్ తయారుచేస్తుంది. కెర్నెల్ అంటే ఫోనుకు గుండెకాయ. తెర వెలగాలన్నా, చార్జింగ్ ఎక్కాలన్నా, ఒక్కో పనికి ఒక్కో డ్రైవర్ అందులో ఉండాలి. జీతం లేని చాకిరీ. దాన్ని నమ్ముకుని వేలమంది ఇంకా ఆ ఫోన్లు వాడుతున్నారు.

మొన్న చలికాలం మొదట్లో తొందరపడి ఒక తప్పుడు బిల్డ్, అంటే కెర్నెల్ కొత్త కూర్పు, జనం మీదికి వదిలింది. కొన్ని ఫోన్లు మళ్ళీ లేవలేదు.

ఆ ఫోను వాడేవాళ్ళ ఆన్‌లైన్ గ్రూపులో ఒకడు రాశాడు: "నీ ఇల్లెక్కడో కనుక్కుంటా. వచ్చి తలుపు తడతా."

అప్పుడు నవ్వేసింది.

అప్పట్నుంచి ఒక కట్టుబాటు పెట్టుకుంది. ఏ బిల్డయినా ముందు 'మంచుగూబ'కు పంపుతుంది. గ్రూపులో ఆ పేరుతో ఉన్నవాడు దాన్ని తన సొంత ఫోనులో ఎక్కించుకుని, వాడి చూసి, "లేచింది" అని ఒక్క మాట రాస్తాడు. ఆ తర్వాతే మిగతా లోకానికి.

వాడి ముఖం ఆమె చూడలేదు. మీసాలు రాని కుర్రాడని ఊహ. తప్పుడు బిల్డుతో వాడి ఫోనూ పోయింది. అలాంటిదే ఇంకోటి కొనుక్కున్నాడే గానీ, పల్లెత్తు మాట అనలేదు. క్రిస్మస్‌కి ఐలా అల్లం బిస్కెట్లు చేసి, తన అడ్రసు రాసి, వాడికి పోస్టులో పంపింది.

ఈసారి కెర్నెల్ మొత్తం సర్దింది. పాతబడ్డ డ్రైవర్లు తీసేసింది. మంచుగూబకు పంపింది.

రోజులు గడిచినా ఉలుకూ పలుకూ లేదు.

గ్రూపులో వెటకారాలు మొదలయ్యాయి. "ఏం తల్లీ, మీ గూబ గుడ్లు పొదుగుతోందా?"

మళ్ళీ తలుపు చప్పుడు.

కర్టెన్ పక్క నుంచి చూసింది. నెరిసిన గడ్డం, తలుపంత మనిషి. ఒక చేతికి గుడ్డ చుట్టి ఉంది. రెండో చేతిలో ఏదో రేకు డబ్బా. దాన్ని ఒంటికి తగలనివ్వకుండా దూరంగా పట్టుకున్నాడు.



ఎదురింటి వెర్లా ఫోను చేసింది. "పిల్లా, నీ గుమ్మంలో ఆ దున్నపోతెవడే?"

"తెలీదు వెర్లా. చేతిలో ఏదో ఉంది."

"ఊళ్ళోవాళ్ళ ఫోన్లన్నీ నెత్తిన వేసుకుంటే రారా మరి! తలుపు తియ్యకు. పోలీసులకు నేను చెప్తా."

బయట గొంతు పెరిగింది. "అమ్మా, ఒక్క నిమిషం! ఆ కొత్తది..."

"వెళ్ళిపో! పోలీసులొస్తున్నారు!" ఐలా అరిచింది.

స్నానాలగదిలోకి పరిగెత్తి గడియ పెట్టుకుంది. ఆ గొంతు వినపడకుండా పంపు తిప్పింది. 

బయటికొచ్చేసరికి గుమ్మం ఖాళీ. మంచులో పెద్ద పెద్ద అడుగులు, పోలీసు కారు చక్రాల జాడ.

ఈరోజు వీడు. రేపు ఇంకొకడు. ఆ కొత్త బిల్డేదో వాళ్ళ మొహాన కొడితే ఈ పీడ వదులుతుంది.

మంచుగూబకు రాసింది: "నీ మాట కోసం ఇక ఆగలేను తమ్ముడూ. భయమేస్తోంది."

మీట నొక్కింది. బిల్డ్ లోకంలోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం కుర్ర పోలీసు వచ్చాడు. మూతలేని డబ్బా బల్లమీద పెట్టాడు.

"బాంబేమో అని మావాళ్ళు ఊరవతల మైదానంలో తెరిచారు. నవ్వుకోలేక చచ్చాం. చూడండి."

అడుగంతా మసి. లోపల ఇసుక. ఇసుకలో ఉబ్బిపోయి, సగం కాలిన ఫోను.

ఆమె కెర్నెల్ నడిచే ఫోనే.

ఐలా కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తింది. బ్యాటరీ వేడెక్కితే చార్జింగ్ ఆపాల్సిన డ్రైవర్ ఎక్కడా లేదు. చెత్త ఊడుస్తూ కాపలా కుక్కను కూడా గెంటేసింది.

బిల్డ్ తీసేసింది. అప్పటికే వందలమంది దించుకున్నారు.

"ఎవరూ చార్జింగ్ పెట్టకండి" అని గ్రూపులో రాసింది.  తర్వాత విడిగా మంచుగూబకు: "తమ్ముడూ, నీ ఫోను ముట్టుకోకు!"

పొద్దున రాసిందే వాడింకా చూడలేదు.

"ఆయనేడీ?" పోలీసును అడిగింది.

"వాళ్ళ ఊరు కెనోరా బస్సెక్కించాం. పాపం, రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాట్ట. చెయ్యి బాగా కాలింది. లోపలిది చూస్తే ఆవిడకే తెలుస్తుంది అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు."

"నంబరివ్వండి. ఇప్పుడే మాట్లాడాలి."

కుర్ర పోలీసు డబ్బాలోకి చూపించాడు. "ఆయన ఫోను ఇదేనండీ."

వెళ్ళబోతూ ఆగి, కోటు జేబులోంచి డబ్బా మూత తీసి ఆమె చేతిలో పెట్టాడు.

నీలం రంగు మీద కొమ్ము చెరిగిన దుప్పి బొమ్మ. క్రిస్మస్‌కి మంచుగూబకు ఆమె అల్లం బిస్కెట్లు పెట్టి పంపిన డబ్బా మూత అది.