గుమ్మం బయట చెప్పులు

వాళ్ళమ్మ చెప్పుల్ని పాప మూడోసారి కూడా గుమ్మం బయటికి విసిరేసింది.

బస్సు డ్రైవరైన వాళ్ళ నాన్న వాటిని తెచ్చి మళ్ళీ చెప్పుల స్టాండులో పెట్టాడు. భార్య పోయి నెల దాటింది. అప్పటినుంచీ అతను ఏ పనైనా ఇలాగే చేస్తున్నాడు, కోపం లేకుండా, కన్నీళ్ళు లేకుండా.

"రెండున్నరేళ్ళకే ఇంత మొండితనమా! వీపు మీద ఒక్కటివ్వరా, దారికొస్తుంది," అంది అతని తల్లి.

పాప మళ్ళీ స్టాండు దగ్గరికి పరిగెత్తింది. అతను చెయ్యెత్తాడు. పాప చెప్పుల్ని గుండెకి హత్తుకుని బిక్కచచ్చి నిలబడింది. ఎత్తిన చేతిని ఏం చెయ్యాలో తెలియక అతను నేల మీద చతికిలబడ్డాడు.

"ఎందుకు తల్లీ విసురుతున్నావ్?" ఇన్నాళ్ళలో ఆ మాట అడగాలని ఎవరికీ తోచలేదు.

"అమ్మకి."

"అమ్మకా?"

"అమ్మ చెప్పులేసుకోలేదు. బండిలో పడుకుని వెళ్ళిపోయింది. కాళ్ళు కాలతాయి. ఇవేసుకుని వచ్చేస్తుంది."

అంబులెన్సు వచ్చిన రోజు పాప ఎక్కడుందో అతనికి గుర్తు లేదు. అమ్మ ఊరెళ్ళిందని మాత్రం అందరూ దానికి చెప్పారు.

"వచ్చేస్తుందిలే బంగారం," అంది నాయనమ్మ కళ్ళొత్తుకుంటూ.

"అలా చెప్పకమ్మా." అతను పాపని ఒళ్ళోకి తీసుకున్నాడు. "అమ్మ చనిపోయింది నాన్నా. ఇంక రాదు."

పైకి అనేసరికి అతని కళ్ళ వెంట నీళ్ళు కారాయి. పాప అతని ముఖంలోకి చూసి బావురుమంది. నాయనమ్మ ఊరుకోబెట్టడానికి చేతులు చాచింది.

"ఏడవనీ అమ్మా," అన్నాడతను. "మేమిద్దరం ఇంకా ఏడవలేదు."