ముప్ఫై దాటకూడదు

"ఏమండీ, ఈ వీధి పొడవెంత?"

నిచ్చెన మీదున్న బోర్డుల మేస్త్రీ చేతిలో స్పానర్ ఆగిపోయింది. కింద తన ఇంటి గేటు దగ్గర లైబ్రరీ మేడమ్ నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"రెండొందల గజాలుంటుందండీ."

"ఆ రెండొందల గజాలకి ఈ చివర స్పీడు యాభై, ఆ చివర ముప్ఫై! పాలవ్యాను డ్రైవరూ మా మేడమీది తాతగారూ నిన్న అరగంటసేపు పోట్లాడుకున్నారు. బోర్డు చూసే వచ్చానని అతనూ, బోర్డు చూసే ఆపానని ఈయనా. ఇద్దరిదీ నిజమే! రెండు నెలల్లో ఇది నాలుగోసారి. మీకు అంకెలు రావా, లేక ఒళ్ళు బద్ధకమా?"

మేస్త్రీ దున్నపోతు మీద వాన కురిసినట్టు నిలబడ్డాడు. కాకపోతే దున్నపోతుకి నవ్వు దాచుకోవాల్సిన అవసరం రాదు. అతనికి వచ్చింది.

ఈసారి వెంట ఇంజనీరు కూడా వచ్చాడు. జీపు దిగుతూనే ఫైలు తెరిచాడు.

"ఏమయ్యా, ఫిర్యాదు వస్తే ఆ బోర్డు బిగించినవాడే వెళ్ళి సరిచెయ్యాలని రూలెందుకు పెట్టాం? నలుగురిలో మాటపడితే సిగ్గొస్తుందని! నీకు సిగ్గు రావడంలేదు, నాకు ఫిర్యాదులొస్తున్నాయి. ఊరంతా బోర్డులు బిగిస్తావు, ఒక్క మాట రాదు. ఈ ఒక్క వీధిలో నీకేమొస్తుంది?"

ఏమొస్తుందో ఇంజనీరుకి చెప్పేది కాదు. నలభై రెండేళ్ళొచ్చినా ఒంటరిగానే ఉంటున్నవాడికి ఒక మనిషి గొంతు వినాలనిపించింది. అంతకు మించి ఏమీ లేదు. లైబ్రరీకి పోదామంటే పుస్తకం పట్టిన అలవాటు లేదు. పనీపాటా లేకుండా ఆమె గేటు ముందు నిలబడితే వీధిలో వాళ్ళు ఊరుకోరు. ఆ రూలొక్కటే అతనికి దారి చూపించింది. ఒక చివర సరిచేసి, పోతూపోతూ రెండో చివర కావాలనే తప్పు బోర్డు బిగించి పోయేవాడు. పదిహేను రోజుల్లో ఫిర్యాదు, ఆ మర్నాడు తిట్లు. ఇంటికెళ్ళాక ఆ తిట్లే ఒక్కొక్కటీ తలుచుకుంటూ అన్నం తినేవాడు.

"ఇవాళ రెండు చివర్లా నేను దగ్గరుండి బిగింపిస్తా, ఫోటో కూడా తీస్తా," అన్నాడు ఇంజనీరు. "ఇంకోసారి తప్పు నీదని తేలిందా, గోడౌన్లో కూర్చోబెడతా. వీధి మొహం చూడవు."

మేస్త్రీ లెక్క వేసుకున్నాడు. తప్పు బిగిస్తే గోడౌను. సరిగ్గా బిగిస్తే ఈ వీధితో పనే లేదు. ఎటు చూసినా ఆమె కనిపించదు.

రెండు నిమిషాల్లో అయిపోయే బోల్టుని పావుగంట బిగించాడు. ఇంజనీరు విసుక్కుంటూ ఫోటోలు తీసుకుని జీపెక్కాడు. మేస్త్రీ నిచ్చెన భుజాన వేసుకున్నాడు.

"అయిపోయిందండీ."

"రెండు చివర్లా ముప్ఫయ్యేనా?" అడిగింది ఆమె.

"ముప్ఫయ్యేనండీ."

"మళ్ళీ మారదుగా?"

"ఇక మారదండీ. మీకు ఇబ్బంది ఉండదు."

ఆమె తలూపి లోపలికి వెళ్ళిపోయింది. నాలుగుసార్లు తిన్న తిట్లన్నీ ఒకెత్తు, ఆరోజు తిట్టకపోవడం ఒకెత్తు. నిచ్చెన ఎప్పుడూ లేనంత బరువనిపించింది.

ఆ తర్వాత వేరే వీధుల్లో పదకొండు బోర్డులు బిగించాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఒకచోట ఒకావిడ పాపం ఎండలో ఉన్నాడని చల్లటి నీళ్ళు కూడా ఇచ్చింది. సగం తాగి గ్లాసు తిరిగిచ్చేశాడు. సాయంత్రాలు పని అయ్యాక ఆ వీధి మలుపుదాకా వెళ్ళేవాడు. దూరం నుంచి బోర్డు కనిపించేది. ముప్ఫై. ఖచ్చితంగా ముప్ఫై. తన చేతిపని చూసి తనకే ఒళ్ళు మండేది.

తొమ్మిదో రోజు పొద్దున్నే ఇంజనీరు కేకేశాడు.

"మళ్ళీ ఆ వీధే, ఆ మేడమే! ఇప్పుడే ఫోన్ పెట్టేసింది. ఫోటోలో సరిగ్గా ఉంది కాబట్టి బతికిపోయావు. ఎవడో ఆకతాయి పని. వెళ్ళి చూడు."

మేస్త్రీకి నిచ్చెన బరువు తెలియలేదు. పావుగంటలో వీధిలో ఉన్నాడు.

బోర్డు మీద ఎనభై ఉంది. పిల్లలు బంతాట ఆడుకునే వీధిలో గంటకి ఎనభై! ఎవరో బోర్డు మీది మూడుకి ఎడమవైపు కుంచెతో రెండు వంపులు కలిపి, ఎనిమిది చేసేశారు.

గేటు దగ్గర ఆమె అప్పటికే కొంగు బిగించి సిద్ధంగా ఉంది.

"ఏమండీ, ఇది వీధా, విమానాలు దిగే చోటా? ఎవరి పని ఇది? మీ ఆఫీసులో అడిగేవాళ్ళు లేరా?" అంటూ దులిపేస్తూ, బోర్డు వైపు వేలు చూపించింది.

ఆ వేలికి అంటిన నల్లరంగు ఇంకా ఆరలేదు.