పొగమందు

"ఆ డబ్బా ముట్టుకోవద్దు!"

హులిగెమ్మ చెయ్యి ఆగింది.

అరిచింది ఆదోనిలో అబ్బాస్ అలీ తుపాకీమందు అంగడి అరుగు మీద కూర్చున్న ముసలాయన. తెల్లటి గడ్డం, భుజాన మాసిన సంచి.

"ఎవరీయప్ప?" అని అడిగింది.

"శుక్రవారం శుక్రవారం నమాజు అయినాక వచ్చి ఈడ కూసుంటాడు. నా బేరాలు సెడగొట్టకుంటే ఈయప్పకు పొద్దుపోదు. నువ్వు తీసుకోక్కా," అన్నాడు అబ్బాస్ అలీ.

ఆదోని బళ్ళారి జిల్లాను విడిచి కర్నూలులో కలిసిన మరుసటేడు అది. కాగితాలు అటూ ఇటూ తిరిగి, చనిపోయిన మొగుడి తుపాకీ లైసెన్సు ఆమె పేరు మీదికి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఆ ఎనిమిది నెలలూ ప్రతి గుమాస్తాదీ ఒకటే మాట. ఆడదానివి, నీకెందుకు తుపాకీ?

ఈలోగా హాలహర్వి పక్కనున్న ఆమె శనక్కాయ చేను సగం అడవిపందుల పాలైంది. మిగిలిన సగమూ పోతే ఆ ఏడాదికి ఇంట్లో గింజ ఉండదు.

"పొగమందు ఇయ్యమంటే అయిపోయిందని ఈయనంటాడు. ఈ పొగరాని మందు వద్దని నువ్వంటావు. పందుల్ని వచ్చే వారం రమ్మని సెప్పాల్నా?"

ముసలాయన నవ్వలేదు.

"నీ కొలత యాడ? సూపించు."

హులిగెమ్మ కొంగుముడి విప్పి చిన్న గొట్టం ముక్క తీసింది. ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర పారేసిన కండె ముక్క అది. మొగుడు దానితోనే కొలిచి ఇత్తడి తోటాల్లో మందు పోసేవాడు.

"దీని నిండా పోస్తావు గదా?"

"నా మొగుడు పోసినట్లే పోస్తా."

"మీ ఆయన పోసింది పొగమందు. దీన్ని అదే కొలత పోస్తే తుపాకీ గొట్టం పగిలి, పందిని వదిలి నిన్ను తింటుంది."

"సగం పొయ్యక్కా, సరిపోతుంది," అన్నాడు అబ్బాస్ అలీ.

"సగమని ఎవరు సెప్పినారు నీకు? డబ్బా మీద రాసింది సదివినావా?"

"ఇంగ్లీషులో ఉంటే నేనేం సదివేది!"

"మరి నోరు ముయ్యి. ఇది తూకమేసి పోసే మందు. దాన్ని తట్టుకునే తుపాకీలు వేరే ఉంటాయి."

హులిగెమ్మకు ఒళ్ళు మండింది.

"ఆడదానికి అంత జోరు మందు ఎందుకని గదా నీ కడుపులో మాట? సూటిగా అను."

"మగోడు వచ్చినా ఇదే సెప్తా."

"ఆఫీసులో కూడా ఇట్లే తియ్యగా సెప్పినారులే."

డబ్బా సంచిలో వేసుకుంది. బస్సు హారన్ కొడుతోంది.

ముసలాయన లేచి మెట్టుకు అడ్డంగా నిలబడ్డాడు.

"జరుగు."

"జరగను."

"అరుస్తా."

"అరువు. పదిమంది వస్తే పదిమందికీ ఇదే సెప్తా."

అంటూనే ఆమె సంచిలో చెయ్యి పెట్టి డబ్బా తీసి అంగడి బల్ల మీద పెట్టాడు. తన సంచిలోంచి ఒక పొట్లం, తోటాలో మందుకు నిప్పంటించే కేపుల డబ్బీ తీసి ఆమె సంచిలో వేశాడు.

"ఇది పొగమందు. మీ ఆయన కొలతే పొయ్యి. కుప్పగా పొయ్యొద్దు, అంచుకు సరిగ్గా. దీనికి ఈ మామూలు కేపులు సాలు."

బస్సు కదులుతోంది. వాదించడానికి వేళ లేదు.

"నీ సేతులు పడిపోనూ! నీ పాతమందు నాకు అంటగడ్తావా? పంది పడకపోతే వచ్చే శుక్రవారం వచ్చి నీ గడ్డం పీకుతా!"

"పడితే?" అని వెనకనుంచి కేకేశాడు.

ఆమె తిరిగి చూడలేదు. పేరైనా అడగలేదు.

మూడోనాడు తెల్లవారుతుండగా పందులు చేలో దిగాయి.

హులిగెమ్మ కాల్చింది. పొగ ముఖాన్ని కమ్మింది. పొగ తేలేసరికి పెద్ద పంది కాళ్ళు తన్నుకుంటోంది. తక్కినవి గట్టు దాటి పారిపోయాయి. భుజం నొప్పి తప్ప ఆమెకేం కాలేదు.

దగ్గుకుంటూనే గట్టెక్కి ఊరివైపు తిరిగి అరిచింది.

"ఎవర్రా, ఆడదానికి తుపాకీ ఎందుకన్నది!"

శుక్రవారం పచ్చి శనక్కాయలు ఉడకబెట్టి మూటగట్టుకుని ఆదోనిలో దిగింది.

అరుగు ఖాళీగా ఉంది. అంగట్లో ఆ డబ్బాలూ లేవు.

"తిప్పి పంపించేసినా," అన్నాడు అబ్బాస్ అలీ. "తుగ్గలి మనిషి ఒకాయన ఆ మందు పోసి కాల్చినాడు. తుపాకీ పగిలి సెయ్యి పోయింది."

ఆమె తన చేతులవైపు చూసుకుంది.

"ముసలాయన ఇంకా రాలేదా? పంది పడిందని ఆయప్పకు నేనే సెప్పాల."

"గౌస్ తాతా? లేడక్కా. మొన్న పంది పొడిసి పానం పోయింది."

"అరుగు మీద కూసునే మనిషిని పంది పొడిసేదేంది?"

"ఈడ కూసునేది వారానికి ఒక్కపూటే. ఎమ్మిగనూరు తోవలో శనక్కాయ చేన్లకు ఆయనే కావలి. ముప్పై ఏండ్లుగా."

"మరి తుపాకీ?"

"పక్కనే దొరికింది. ఒట్టిది."

"మందు లేకుండా కావలికి పోయినాడా? ఊరందరికీ బుద్ధులు సెప్పే మనిషికి ఆ మాత్రం తెలీదా?" హులిగెమ్మ గొంతు లేచింది.

"నువ్వు బస్సెక్కినాక నేనూ అదే అడిగినా. పందులకు నా అరుపు సాల్లే అన్నాడు."

అబ్బాస్ అలీ ఆమె చేతిలోని మూటవైపు చూసి, తల దించుకున్నాడు.

"ఆ దినం నువ్వొచ్చేదానికి గడియ ముందర, నా అంగట్లో ఉన్న ఆఖరి పొగమందు కొనుక్కున్నది ఆయనే అక్కా."